నోటు వెనక చెల్లు

కర్మ సిద్ధాంతంతో నా పేచీ చిన్నప్పటినుంచీ ఒక్కటే. పోయిన జన్మలో ఎవరో ఏదో చేశారు, దాని ఫలం ఇప్పుడు నేను అనుభవిస్తున్నానంటారు. ఆ చేసింది నేనేనంటారు. నాకు గుర్తులేదే! గుర్తులేని పనికి శిక్ష వేస్తే దాన్ని న్యాయమని ఎలా అనుకోవాలి? ఈ మాట అడిగితే ఇంట్లో పెద్దవాళ్లు అలా అడగకూడదనేవాళ్లు. కాలేజీలో స్నేహితులు అందుకే అదంతా ఉత్తదనేవాళ్లు. రెండూ జవాబులు కావు. చివరికి కాస్త దారి చూపించింది నా ఉద్యోగమే. ఒరాకిల్ డేటాబేస్‌లో చెల్లకుండా పోయిన ప్యాకేజీలను రీకంపైల్ చేయడం నా పనుల్లో ఒకటి.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఒరాకిల్ నేర్చుకున్న వేలమందిలో నేనూ ఒకదాన్ని. కరోనాలో ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఊరు వేంసూరు వచ్చి ఇక్కడే ఉండిపోయాను. అప్పులిచ్చే ఒక కంపెనీ డేటాబేస్ చూస్తుంటాను. మార్పులు చేర్పులన్నీ జనం నిద్రపోయాకే కాబట్టి నా పని ఎక్కువగా రాత్రిపూటే.

డేటాబేస్ అంటే పట్టికలే అనుకుంటారు బయటివాళ్లు. ఆ పట్టికలు చదివి లెక్కలు కట్టే ప్రోగ్రాములు కూడా వాటి పక్కనే, అదే డేటాబేస్‌లో కాపురం ఉంటాయి. 1992లో వచ్చిన ఒరాకిల్ 7 నుంచి ఈ ఏర్పాటు ఉంది. ఒక పనికి సంబంధించిన ప్రోగ్రాములన్నిటినీ ఒక కట్టగా కడితే అది ప్యాకేజీ. దానికి రెండు భాగాలు. నేను ఫలానా పనులు చేస్తాను, నాకు ఫలానావి ఇవ్వండి అని లోకానికి మాట ఇచ్చేది స్పెక్. ఆ పని లోపల ఎలా చేయాలో రాసి ఉన్నది బాడీ. మిగతా ప్రోగ్రాములు నమ్ముకునేది స్పెక్‌నే. బాడీని తిరగేసి బోర్లేసి రాసినా, ఇచ్చిన మాట మారనంతకాలం దాన్ని నమ్ముకున్నవాటికి ఏమీ కాదు.

ఇక విచిత్రం చూడండి. వడ్డీ లెక్కకట్టే ప్యాకేజీ ఒకటుంది. దాని జోలికి ఎవరూ పోలేదు, అందులో ఒక్క అక్షరం మార్చలేదు. అది చదివే అప్పుల పట్టికలో ఒక కాలమ్ రకం మార్చామంతే. మరుక్షణం ఆ ప్యాకేజీ పేరు ఎదురుగా వ్యాలిడ్ అన్నది పోయి ఇన్‌వ్యాలిడ్ అని కూర్చుంటుంది. కొత్తగా చేరిన పిల్లలు ఆ మాట చూడగానే కంగారుపడతారు. కంగారు అక్కర్లేదు. ప్యాకేజీ తప్పు చేయలేదు, చెడిపోనూ లేదు. దాన్ని తయారుచేసిన రోజున ఉన్న చుట్టుపక్కల ఇప్పుడు లేదు కనక మళ్లీ ఒకసారి సరిచూడాలని డేటాబేస్‌కు పట్టుకున్న అనుమానం అది. ఎవరూ పిలవనంతసేపూ ప్యాకేజీ అలాగే పడి ఉంటుంది. పిలిచారో, డేటాబేస్ తనే దాన్ని కంపైల్ చేసుకుని, అంటే రాతను మళ్లీ సరిచూసి నడిచే రూపంలోకి మార్చుకుని, అన్నీ సరిపోతే పని నడిపిస్తుంది. పిలిచినవాళ్లకు ఆ సంగతే తెలియదు. మేం మాత్రం అంతవరకూ ఆగం. ప్యాచ్ వేసిన రాత్రే యూటీఎల్ఆర్‌పీ అనే స్క్రిప్టు నడిపి, చెల్లనివన్నీ చెల్లేలా చేసి, ఇన్‌వ్యాలిడ్ జాబితా ఖాళీ అయిందని చూసుకునే పడుకుంటాం.

చెల్లుబాటు అన్నది ప్యాకేజీ సొంత ఆస్తి కాదని నాకు అర్థమైంది అక్కడే. అక్షరం మారకుండానే అది పోతుంది, అక్షరం మారకుండానే తిరిగొస్తుంది. అది ప్యాకేజీకీ పట్టికలకూ మధ్య ఉన్న సంబంధం మీద ఇచ్చే తీర్పు. అయితే ఇక్కడే ఒక జాగ్రత్త. అంతా అంతటి మీదా ఆధారపడి ఉందని ప్రవచనాల్లో తేలిగ్గా అనేస్తుంటారు. ఆ మాట వింటే నాకు విసుగు. డేటాబేస్‌లో ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో డీబీఏ డిపెండెన్సీస్ అనే జాబితాలో పేరుపేరునా ఉంటుంది. 2007లో వచ్చిన 11జీ నుంచి ఈ లెక్క మరీ సూక్ష్మమైంది. పట్టికలో ఏదో కొత్త కాలమ్ చేరిస్తే, దానితో పనిలేని ప్యాకేజీకి మామూలుగా చీమ కుట్టినట్టు కూడా ఉండదు. బుద్ధుడు చెప్పిన ప్రతీత్యసముత్పాదమూ ఈ కోవదే. అవిద్య వల్ల సంస్కారాలు, సంస్కారాల వల్ల విజ్ఞానం అని పన్నెండు లంకెలూ వరసన చెప్పాడే గానీ, అన్నిటినీ కలిపి ముద్ద చేయలేదు.

నా పేచీకి అసలు సంబంధించింది మరో సంగతి. వడ్డీ ప్యాకేజీ మొదటిసారి పిలవగానే ఆనాటి వడ్డీ రేటును పట్టికలోంచి చదివి తన వేరియబుల్‌లో పెట్టుకుంటుంది, మాటిమాటికీ చదవక్కర్లేకుండా. ఆ సెషన్‌లో ఎన్ని రశీదులు కొట్టారో కూడా ఇంకో వేరియబుల్‌లో లెక్కపెట్టుకుంటూ పోతుంది. అర్ధరాత్రి మేం రీకంపైల్ చేస్తాం. అప్పటికే కనెక్షన్ తెరిచి ఉన్నవాళ్లు మళ్లీ పిలవగానే తెరమీద ఓరా-04068 అని పడుతుంది. ప్యాకేజీకి అంతవరకూ ఉన్న స్థితిని పారేశామని దాని భావం. రెండోసారి నొక్కితే ఏమీ జరగనట్టే నడుస్తుంది. హెల్ప్‌డెస్క్ వాళ్లకు మేం చెప్పిపెట్టిన మంత్రం కూడా అదే: ఇంకోసారి నొక్కమనండి.

ఆ రెండు నొక్కుళ్ల మధ్య జరిగింది చూడాలి. వడ్డీ రేటు మళ్లీ వచ్చింది, పట్టికలో ఉంది కాబట్టి. రశీదుల లెక్క సున్నా నుంచి మొదలైంది, అది ప్యాకేజీ మనసులో తప్ప ఎక్కడా లేదు కాబట్టి. కానీ కమిట్ అయిన, అంటే పట్టికలో ఖాయంగా రాసేసిన రశీదుల్లో ఒక్కటీ పోలేదు. ఎవరు ఎంత కట్టారో పట్టికలో అలాగే ఉంది. ప్యాకేజీ తను ఏం చేసిందో మరిచిపోయింది. చేసిన పని మాత్రం దాన్ని మరవలేదు.

ఇంకో చిన్న ముచ్చట. ప్యాకేజీ ఎవరి పనిలోనో నడుస్తూ ఉండగా రీకంపైల్ చేయబోతే కమాండ్ కదలదు. లైబ్రరీ క్యాష్ పిన్ కోసం ఆగి ఉందని చూపిస్తుంది. నడుస్తున్న పని ముగిస్తే గాని దానికి కొత్త రూపు రాదు. జ్ఞానం కలిగినా ప్రారబ్ధం నడిచి తీరాలని అద్వైతులు అనేది ఇలాంటిదాన్నేనేమో.

ఊరి బయట మా మామయ్యకు కలెక్టర్, బంగినపల్లి కలిపి మామిడితోట ఉంది. కాయ అమ్మిన డబ్బు కొంత నోట్ల మీద తిప్పుతాడు. ఒకరోజు పొద్దున్నే వచ్చి అడిగాడు.

"రాత్రి రెండింటిదాకా మీ ఇంట్లో లైటు వెలుగుతానే ఉంది. ఏం చేస్తన్నావే అమ్మాయ్?"

"పాత ప్రోగ్రాములే మామయ్యా. అక్షరం మార్చం. ఇంకా చెల్లుతుందా లేదా అని మళ్లీ చూసి, చెల్లుతుందని ముద్ర వేయిస్తాం."

"ఓస్, అంటే నోటు తిరగరాయటమేగా!"

నవ్వేశాను గానీ, ఆయన వెళ్లాక ఆలోచిస్తే ఆ మాట వదల్లేదు. అప్పు తెలిసిన మనిషికి ఈ విషయం నాకన్నా బాగా తెలుసు. తెలియనివారికి చెప్తాను. అడగ్గానే ఇస్తానని రాసిచ్చే ప్రామిసరీ నోటుకు 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం రాసిన తేదీ నుంచి మూడేళ్లే ఆయుష్షు. ఆ లోపల కోర్టుకు వెళ్లకపోతే కాలదోషం పడుతుంది. బాకీదారు దగ్గర డబ్బు లేదు, మామయ్యకు కోర్టుకెక్కడం ఇష్టంలేదు. అప్పుడు రెండు దారులు. ఒకటి తిరగరాత. అసలూ వడ్డీ కలిపి కొత్త కాగితం మీద కొత్త తేదీతో రాసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేయించుకుని, పాతది చించేస్తారు. రెండోది చెల్లు. బాకీదారు వెయ్యో రెండువేలో కట్టి, నోటు వెనకవైపు ఫలానా తేదీన ఇంత చెల్లు అని రాసి సంతకం పెడతాడు. కాగితం అదే, ముందువైపు అక్షరం మారలేదు. మూడేళ్లు మాత్రం చెల్లు వేసిన రోజు నుంచి మళ్లీ మొదలు.

మామయ్య బాణం ఒక్క బెత్తెడు పక్కకు పోయింది. మా భాషలో తిరగరాత అంటే ప్యాకేజీని డ్రాప్ చేసి మళ్లీ క్రియేట్ చేయడం. అదే పేరు, అదే రాత, అయినా దాన్ని వాడుకోవడానికి ఎవరెవరికి అనుమతులిచ్చామో అవన్నీ పోతాయి. నిన్నటిదాకా పిలిచినవాడు ఇవాళ పిలిస్తే అలాంటిదేదీ లేదు పొమ్మంటుంది. రీకంపైల్ చేస్తే ఏ అనుమతీ పోదు, ఆబ్జెక్టు నంబరు కూడా మారదు. అంటే రీకంపైల్ చెల్లు లాంటిది. బతుకు పొడిగింపే గాని కొత్త పుట్టుక కాదు. (డ్రాప్ చేసి క్రియేట్ చేయడం అంటే ఏమిటో మా ఊరికి కొత్త కాదు. జలగం వెంగళరావు 1973లో ముఖ్యమంత్రి అయింది వేంసూరు ఎమ్మెల్యేగానే. 1978 ఎన్నికలకు ఆ నియోజకవర్గం పేరు లేదు, ఆయన సత్తుపల్లి నుంచి నిలబడ్డారు. ఓటర్లు ఊళ్లోనే ఉన్నారు.)

కాలదోషం గురించి వకీళ్లు ఒక మాట చెబుతారు. గడువు దాటితే అప్పు చచ్చిపోదు, కోర్టు తలుపు మాత్రమే మూతపడుతుంది. బాకీ అలాగే ఉంటుంది. ఇన్‌వ్యాలిడ్ అని పడ్డ ప్యాకేజీ తీరూ ఇంతే. ఉంది, మళ్లీ సరిచూసేదాకా నడవదు.

ఇప్పుడు నా పాత పేచీ దగ్గరకు వస్తాను. మామయ్య బాకీదారుల్లో ఎవరైనా నాకు గుర్తులేదంటే ఏమవుతుంది? ఏమీ కాదు. నోటు తీసి సంతకం చూపిస్తాడు. అప్పు బాకీదారు జ్ఞాపకంలో లేదు, కాగితంలో ఉంది. గుర్తులేదు కనక బాకీ లేదన్న వాదం రచ్చబండ మీద కూడా నిలవదు, కర్మ విషయంలో మాత్రం నేను ఇన్నాళ్లూ దాన్ని బ్రహ్మాస్త్రం అనుకున్నాను.

జ్ఞాపకాన్ని మరీ నెత్తిన పెట్టుకున్నవాళ్లు నైయాయికులు. కంటితో చూసిన వస్తువునే చేత్తో తాకానని పట్టుకునేవాడొకడు ఉండాలి కనక ఆత్మ ఉందంటుంది గౌతముడి న్యాయసూత్రం మూడో అధ్యాయం. పుట్టిన బిడ్డ ఎవరూ నేర్పకుండానే పాలకోసం తడుముకోవడం పూర్వజన్మ అలవాటుకు రుజువని కూడా అక్కడే వాదిస్తుంది. నా వడ్డీ ప్యాకేజీ కూడా మొదటి పిలుపుకు ఎవరూ చెప్పకుండానే రేటుకోసం పట్టికను వెతుక్కుంటుంది. పోయిన సెషన్ గుర్తుండి వెతకదు. అలా చేయమని దానిలో రాసి ఉంది. కాబట్టి పాలు వెతుక్కునే బిడ్డ సంస్కారానికి సాక్ష్యం అయితే కావచ్చు, జ్ఞాపకానికి సాక్ష్యమంటే నేనొప్పుకోను.

బౌద్ధులు ఆత్మ లేదంటారు, కర్మ ఉందంటారు. ఇది నాకు మొదట్లో మరీ అన్యాయంగా తోచేది. మిళిందపఞ్హలో గ్రీకు రాజు మినాండర్ కూడా నాగసేన భిక్షువును ఇదే నిలదీస్తాడు. నాగసేనుడు చెప్పిన ఉపమానాల్లో ఒకటి మా మామయ్యకు సరిగ్గా సరిపోతుంది. ఒకడు పరాయి తోటలో మామిడికాయలు దొంగిలించి పట్టుబడ్డాడు. నీవు పాతిన కాయ వేరు, నేను కోసిన కాయలు వేరు, నీ కాయలు నేను ముట్టనేలేదని వాదించాడు. వదిలేస్తారా? వదలరు, పాతిన కాయ లేకుండా కోసిన కాయ రాదు కనక. వచ్చినవాడు పోయినవాడే అనలేం, వేరొకడూ అనలేం. మామయ్యకు ఈ కథ చెబితే "సరిగ్గా చెప్పాడు" అని తొడ చరిచాడు. నాకు మాత్రం చిన్న అసంతృప్తి మిగిలింది. తెలివైన దొంగే, కానీ వాడికి తను కోసిన సంగతి గుర్తుంది. గుర్తులేనివాడి విషయంలో ఏమిటన్న నా ప్రశ్న అక్కడ తెగలేదు.

దానికి దగ్గరగా వచ్చే మాట బౌద్ధాచార్యుడు నాగార్జునుడి మూలమధ్యమకకారికలో, కర్మను పరీక్షించే పదిహేడో ప్రకరణంలో కనిపించి ఉలిక్కిపడ్డాను. చేసిన పని అప్పులాంటిదనీ, నశించకుండా మిగిలేది ఒకటుందనీ, అది అప్పు పత్రం లాంటిదనీ ఒక పక్షం వాళ్లు అంటారు. అంటే అచ్చంగా ప్రామిసరీ నోటు! చేసినవాడు క్షణక్షణం మారిపోయినా, మరిచిపోయినా, పత్రం ఉన్నంతవరకూ బాకీ ఉంటుంది. నాగార్జునుడు ఆ వాదాన్ని చెప్పి ఊరుకోడు. అప్పు, పత్రం, రాసినవాడు, తీర్చేవాడు, వీటిలో ఏదీ తన సొంత బలంతో నిలబడదంటాడు. కర్మా కర్తా ఫలమూ గంధర్వనగరాల్లాంటివంటాడు. ఇన్‌వ్యాలిడ్ జాబితా చూసి చూసి ఉన్నదాన్ని కనక నన్ను ఈ మాట భయపెట్టలేదు. చెల్లుబాటు ప్యాకేజీ లోపల ఎక్కడా లేదని నాకు తెలుసు. అయినా తెల్లారేసరికి వడ్డీ లెక్క సరిగ్గా రావాలనీ తెలుసు.

మా ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఈ గొడవంతటికీ మంచి చోటు. అక్కడి దిబ్బల్ని ఊరివాళ్లు విరాటరాజుతో ముడిపెడతారు, తవ్వితే బౌద్ధ స్తూపం బయటపడింది. అదే ఊరు కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. పాల్వంచ పరగణా తహసీల్దారుగా సర్కారు సొమ్ము పెట్టి భద్రాచలం గుడి కట్టించి, గోల్కొండ చెరసాల పాలైన రామదాసు. కథ ప్రకారం బాకీ ఆరు లక్షలు. రామలక్ష్మణులు మారువేషాల్లో రాత్రివేళ తానీషా దగ్గరకు వెళ్లి, సొమ్ము కుమ్మరించి, రశీదు రాయించుకున్నారు. ఆ సమయానికి రామదాసు నిద్రలో ఉన్నాడు. కట్టింది ఎవరో, ఎప్పుడు కట్టారో బాకీదారుకే తెలియదు. దర్శనం తానీషాకు దక్కింది, తనకు దక్కలేదని తరవాత ఏడ్చాడంటారు. భక్తులు ఈ కథలో భగవంతుడి దయను చూస్తారు. అప్పుల కంపెనీ డేటాబేస్ చూసుకునే నాకు ముందు రశీదు కనిపిస్తుంది. మూడోవాడు కట్టినదాన్ని పుచ్చుకున్నాక బాకీదారును మళ్లీ అడగడానికి వీల్లేదని 1872 కాంట్రాక్టు చట్టం 41వ సెక్షను కూడా ఒప్పుకుంటుంది. బాకీ నిలవడానికి జ్ఞాపకం అక్కర్లేదన్నాను కదా, తీరడానికీ అక్కర్లేదన్నమాట.

ఇంతదాకా వచ్చాక నేను కర్మవాదిని అయిపోయాననుకుంటారేమో. లేదు. నా పేచీ చోటు మార్చుకుంది, అంతే. గుర్తులేదు కనక చెల్లదని ఇప్పుడు అనను. నోటు చూపించమంటాను. ఇక్కడినుంచి భద్రాచలం వైపు మన్యంలోకి వెళ్తే, కోయగూడెంలో జ్వరంతో మూలుగుతున్న పసిబిడ్డను చూసి, ఏ జన్మలో ఏం చేసుకుందో అని నిట్టూర్చి కారెక్కే యాత్రికులున్నారు. వాళ్ల దగ్గర ఏ పత్రం ఉంది? ఎవరు సంతకం పెట్టారు? ఏ రుజువూ చూపించలేని బాకీని ఏ కోర్టులోనూ లోపలికి రానివ్వరు. డేటాబేస్‌లో కూడా ఏ ప్యాకేజీ ఎందుకు చెల్లకుండా పోయిందో జాబితా చూసి చెప్పాలి గాని, ఏదో పాపం చేసి ఉంటుందిలే అని ఊరుకుంటే నా ఉద్యోగం ఊడుతుంది.

వారసుల సంగతీ ఉంది. తండ్రి అప్పు కొడుకు తీర్చడం ధర్మమని, ఆ ధర్మం పేరుతోనే కొడుకు మీద కోర్టుకెళ్లే వీలు పాత హిందూ న్యాయంలో ఉండేది. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, అప్పటినుంచి చేసిన అప్పులకు ఆ దారి మూసేశారు. ఇప్పుడు వారసుడు బాధ్యుడయ్యేది తనకు సంక్రమించిన ఆస్తి మేరకే. పాత జన్మనుంచి ఈ జన్మకు ఏమైనా వచ్చే మాటే నిజమైతే, మనల్ని ఆ బాకీదారులనడం కన్నా ఇలాంటి వారసులనడమే నాకు సబబుగా ఉంటుంది. ఒంటితో, బుద్ధితో, పొలంతో, కులంతో ఎంత చేతికి వచ్చిందో అంతవరకే బాకీ. ఎక్కువ వచ్చినవాళ్లకు ఎక్కువ, ఏమీ రానివాళ్లకు ఏమీ లేదు. కర్మను ఇలా చదివితే ఎవరికి ఇబ్బందో నాకు తెలుసు, అందుకే ఎవరూ ఇలా చదవరనీ తెలుసు.

ఇదంతా మామయ్యకు తోటలో కూర్చుని చెప్పాను. వారసుల ముక్క దగ్గర మొహం కాస్త ముడుచుకున్నాడు. ఆయన పెట్టెలో పోయినవాళ్ల నోట్లు కూడా ఉన్నాయి మరి. కాసేపాగి అడిగాడు.

"ఇంతకీ నా నోట్లు చెల్లవంటాడా మీ నాగార్జునుడు?"

"చెల్లవనలేదు మామయ్యా. కాగితం తనంతట తాను చెల్లదన్నాడు. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, సాక్షులు, గడువు, కోర్టు, ఇవన్నీ ఉంటేనే అది నోటు. లేకపోతే వట్టి కాయితం."

"ఆ ముక్క సత్తుపల్లిలో మా వకీలు ఎప్పుడో చెప్పాడు," అన్నాడు మామయ్య. "ఫీజు తీసుకుని మరీ."